అరంగుళం

ఫారంలో నాకిచ్చిన చోటు పదకొండు గీతలు.
నా పేరు ఇర్యా కంగాస్.
డులూత్‌లో, సరస్సు గాలి నేరుగా తలుపు తట్టే వీధిలో
ముప్పై నాలుగేళ్లుగా బట్టలు కుడుతున్నాను.
పైవాటాలో ఉండే ఆర్లెన్ బెర్క్‌విస్ట్
నాకు చుట్టం కాదు.
ఇంతవరకూ రాసి ఆగాను.

మొన్న సాయంత్రం ఉత్తరం తెచ్చి
ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు.
అంటుకుంటుందేమోనని పెట్టె పక్కకి జరిపాను.
"కాలితే కాలనీ" అన్నాడు.

చాలా మర్యాదస్తురాలు ఆ ఉత్తరం.
మీ సేవకు కృతజ్ఞతలు అంటూ మొదలుపెట్టింది.
ఎడమ మోకాలు మాదే అంది,
లారీ మీంచి దూకినరోజు రికార్డులో ఉంది,
దానికి నెలనెలా కడుతూనే ఉన్నాం.
కుడి తుంటి మాత్రం మీ సొంతం.
వయసు, అంది.
బరువు, అంది.
పరీక్ష చేసిన డాక్టరు పద్దెనిమిది నిమిషాలు చూశాడట,
అందులో ఆరు కంప్యూటరు కోసం ఎదురుచూడ్డం.

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టమని
ఎవరడిగారు వీళ్లని?
ఒక కాలు దించేసిన బరువు
రెండోది ఎత్తుకోక ఎక్కడ పెడుతుంది?
నేల మీద పెడుతుందా?

దుకాణం వెనక అట్టపెట్టెలో పాత కొలతల పుస్తకాలున్నాయి.
దుమ్ముకి తుమ్ముకుంటూ వెతికాను.
ఆర్లెన్ వచ్చిన ఏడాది, నీలం ప్యాంటు:
రెండు కాళ్లూ ముప్పై రెండు.
మూడేళ్ల తర్వాత: ఎడమ పావంగుళం మడత.
కూతురు పెళ్లికి బూడిదరంగు సూటు:
ఎడమ అరంగుళం.
(ఆ రోజు డాన్సు చేయలేదు. కుర్చీ దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు.)
ఆ పై చలికాలం: ముప్పాతిక.
పక్కన పెన్సిలుతో నా రాత:
"కుడివైపు ఒరుగుతున్నాడు. అడగకూడదు."

అడగకూడదని ఎందుకు రాసుకున్నానో.
మావాళ్లలో అంతే,
మంచు ఎంత పడిందో అడుగుతాం,
మనిషిని అడగం.

పద్నాలుగు మెట్లు మా ఇద్దరికీ మధ్య.
మొదట్లో ఎక్కేవాడు: టక్, టక్.
తర్వాత: టక్, జర్ర్.
ఇప్పుడు ఏడో మెట్టు దగ్గర ఏ చప్పుడూ ఉండదు.
ఆ ఖాళీలో నా సూది కూడా ఆగిపోతుంది,
పైన తలుపు మూసుకున్నాకే దారం లాగుతాను.
దీన్ని ఏ గీత మీద రాయాలి?

కౌంటీ ఆఫీసులో మార్వెల్ అనే ఆవిడ చెప్పింది,
ఖాయంగా అవునని తేలక్కర్లేదట.
అవును, కాదు సరిసమానంగా తూగితే చాలట,
ముల్లు నడిమధ్య నిలిస్తే
తీర్పు సిపాయి వైపేనట.
ఆర్లెన్ నవ్వాడు.
"నిటారుగా నిలబడ్డం నావల్ల కాదు,
ఆ ముల్లునన్నా నిలబడనీ."

అతని తుంటి డాక్టరు రెండు పేజీలు రాశాడు.
పాత మిత్రుడొకడు దూరం నుంచి ఫోన్లో ఏడ్చి
తర్వాత చక్కగా టైపు చేయించి పంపాడు.
గడువు ఇంకా పందొమ్మిది రోజులుంది.
ఇక నేను.

నేను వైద్యురాలిని కాను, అని రాశాను.
కుట్టేదాన్ని.
మడత విప్పితే గుడ్డలో పాత గీత కనబడుతుంది,
ఎంత ఇస్త్రీ చేసినా పోదు.
ఈ మనిషి ప్యాంట్లన్నీ నేనే మడిచాను.
ఎడమ కాలు వంగుతూ వచ్చింది,
దాని వెనకే కుడి తుంటి అరుగుతూ వచ్చింది.
ఏది ముందో నా పుస్తకంలో తేదీలతో ఉంది.
గీతలు అయిపోయాయి. అంచులో కూడా రాశాను.

పేజీలు కాపీ తీయించేటప్పుడు
"అడగకూడదు" మీద వేలు పెట్టి దాద్దామనుకున్నాను.
తర్వాత వేలు తీసేశాను.

పోస్టులో వేసి వచ్చేసరికి
గుమ్మం దగ్గర ఆర్లెన్, చేతిలో కొత్త ప్యాంటు,
ఒకవేళ పిలిస్తే వేసుకోడానికట.
స్టూలు మీద నిలబెట్టి టేపు పట్టాను.
"ఎంత?" అన్నాడు పైనుంచి.
చెప్పాను.
చాలాసేపు కిటికీలోంచి ఇనుపరాయి ఓడ వైపు చూశాడు.
"ఎక్కడ నొప్పి?" అని అడిగాను,
నోట్లో గుండుసూదులతో.

చెప్పడం మొదలుపెట్టాడు.
చీకటి పడ్డా ఇంకా చెబుతూనే ఉన్నాడు.