అరకూలి

రాత్రి రెండింటికి సబ్‌స్టేషన్‌ల
నేను, ఒక టేబుల్ ఫ్యాను, లాగ్‌బుక్కు.
గంటకోసారి లేచి రీడింగు రాయాలె.
తిమ్మాజిపేట దిక్కు నాట్లు పడుతున్నయి,
మూడో ఫీడరు మీద మోటర్లన్నీ ఒక్కపారే గుంజుతున్నయి.
నా ఎడమ రెప్ప జారింది.
వేలితో పైకెత్తి పట్టుకొని అంకె రాసిన.

పట్నంల డాక్టరమ్మ
నా తొడల నుంచి గోరంత కండ తీసి
అద్దం కింద పెట్టింది.
చూస్తవా, అన్నది. చూసిన.
పోగులు పోగులుగ కండ,
అంచులు చిరిగి ఎర్రగ,
వాన మొఖం చూడని మా ఎగువ చెల్క లెక్క.
మైటోకాండ్రియా, అన్నది.
పదో తరగతిల బొమ్మ గీసి
ఐదు మార్కులు తెచ్చుకున్న పేరు.
చిక్కుడుగింజ ఆకారం, లోపల మడతలు.
అది నన్ను నడుపుతున్నదని
అప్పుడెవ్వరూ చెప్పలే.

నాకు నా కొలువు భాషలనే సమజైంది:
ఒంట్ల గూడ వాడకు పది సబ్‌స్టేషన్లు.
గుండెకు కోత లేదు, ఆదివారం లేదు,
అందుకే ఒక్కొక్క కణంల వేలకు వేలు కిక్కిరిసి ఉంటయట.
కాలేయం రాత్రి షిఫ్టు మనిషి,
అందరు తిన్నంక గిన్నెలు తోముతది.
కనుగుడ్డును తిప్పే కండలు ఇంతంతే,
ఆకలి మాత్రం అంబలి కుండంత.
ఎర్రకణంల ఒక్కటి గూడ లేదట.
మోసే గాలిల గుక్కెడు ముట్టదు,
ఊరందరికీ పోసి
తాను తాగని కల్లుదుకాణపాయన.

"ఇది తల్లి దిక్కు నుంచే వస్తది.
తండ్రిది గుడ్డులకు పోయినా మిగలదు.
మీ అమ్మ ఎట్లుంది?"
మంచిగనే ఉంది. చెవులు వినపడవు. షుగరుంది.
డాక్టరమ్మ పెన్ను ఆగింది.
"అమ్మమ్మ?"

అమ్మమ్మ.
ఈదమ్మ.
నిద్రమబ్బు ఈదమ్మ అనేటోళ్ళు ఊర్ల.
పల్లిచేన్ల కలుపు తీసుకుంట తీసుకుంట
సాలు నడుమ కూలబడేది.
ముందుకు పోయిన ఆడోళ్ళు మళ్ళి చూసి నవ్వేటోళ్ళు.
తలకాయ వెనక్కి వంచి
ముక్కు మీదుగ మనుషుల్ని చూసేది.
ఇంత పొగరేందే దీనికి, అనేటోళ్ళు.
పొద్దుగూకి పైసలు పంచేటప్పుడు
మేస్త్రి బుచ్చన్న వేలు తడి చేసుకొని
అందరికి నిండు కూలి,
ఈదమ్మకు సగం.
ఆ సగాన్ని కొంగుకు ముడేసుకొని ఇంటికొచ్చి
రొట్టె కొడుతుంటే నడుమల చెయ్యి ఆగేది.
మిగిలిన సగం మా అమ్మ జంగమ్మ కొట్టేది.

మేం గూడ నవ్వినం.
అందర్ల నేనే ఎక్కువ.
రెప్పలు కిందికి గుంజుకొని,
తల ఎత్తి, రెండడుగులు నడిచి చూపిస్తే
చుట్టాలు రూపాయి ఇచ్చేటోళ్ళు.
ఆ రూపాయలకు పిప్పరమెంట్లు తిన్న.

గా రెప్పే.

అమ్మమ్మా,
సగం కరెంటుతోటి నిండు దినం నడిచినవు.
ముగ్గురిని కన్నవు. ఇద్దరిని సాకినవు.
లాగ్‌బుక్కుల లెక్క కడితే
నీకు రావాల్సింది
రెండు కూలీలు.
ఎవరిని అడగాలె? బుచ్చన్న పోయిండు.
చేను ప్లాట్లయింది.
నీ ఫోటో ఒక్కటే ఉంది, రేషన్ కార్డుది,
కండ్లు మూసినవని ఫోటోగ్రాఫరు తిట్టిన ఫోటో.

డాక్టరమ్మ చెప్పింది:
దీన్ని కుదిర్చే మందు లేదు. ఉపాసాలుండకు.
జ్వరమొస్తే ఆలస్యం చెయ్యకు.
నడువు, కానీ అలసిపోయేదాంక నడవకు.
తమ్మునికున్నా వానితోనే ఆగుతది.
నీకు ఆడపిల్లనా?
నా సంచిల సుచరిత బడి డైరీ ఉంది.
ఆటల పీరియడ్‌ల కూసుంటున్నది,
బద్ధకం, సంతకం చేయగలరు.
ఇంకా చెయ్యలే.
ఆ మాట కొట్టేయించినంక చేస్త.

మూడున్నర.
మూడో ఫీడరు ట్రిప్పయింది.
ఫోన్‌ల ఒక రైతు గొంతు:
"నిద్రపోతున్నవామ్మా ఆడ?"
లేదన్నా,
ఎత్తి పట్టుకొని చూస్తున్న.