పదింపావు

ఆదివారం మాత్రం నేను తిన్నగా ఇంటికి పోను.
నైట్ డ్యూటీ అప్పగించి, చేతులు రెండుసార్లు కడుక్కుని
పాత వంతెన దగ్గర ఆటో దిగేసరికి
అసిరినాయుడు అప్పటికే వచ్చి ఉంటాడు,
స్కూటర్ సీటు మీద రుమాలు ఆరేసుకుని.

మిగతా ఆరు రోజులూ
మేం ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మనుషులం.
పాలకొండ మొదటి బస్సుని పంపడానికి
నాలుగింటికే డిపోకి వెళ్తాడతను.
తొమ్మిదింటికి నేను తాళం తీస్తాను.
మంచం మీద అతని పల్లం ఉంటుంది, వెచ్చదనం ఉండదు.
ఫ్రిజ్ మీద చీటీ: "గ్యాస్ బుక్ చేశాను. పెరుగు పులిసింది."
దాని కిందే నా రాత: "మజ్జిగపులుసు పెట్టాను. మూత తీసి ఉంచకు."
చీటీలు పారేయను.
కరెంటు బిల్లుల డబ్బాలో ఉన్నాయి, చాలానే.

కరకట్ట ఎక్కాక తోవ తిన్నగా పోతుంది.
ఎక్కుడు లేదు, దిగుడు లేదు,
మోకాళ్ళు మమ్మల్ని ఏమీ అడగవు.
ఒక చేతికి నాగావళి, ఇంకో చేతికి ఇళ్ళ పెరళ్ళు:
తీగ మీద పొందూరు పంచె, కాయలు వంచిన ములగ,
మొరగాలో వద్దో తేల్చుకోలేని కుక్క.
మార్గశిరం కదా, ఏరు సన్నబడింది.
ఇసుక మేటకి అటొక పాయ, ఇటొక పాయ,
ఒకే పేరుతో, ఒకదానికొకటి కనబడకుండా పోతుంటే
నేనేదో అనబోయాను.
"ఏంటి?" అన్నాడు.
"ఏం లేదు, చెప్పులో ఇసుక" అన్నాను.

అతను ఫోన్లో అడుగులు చూసి పైకి చదువుతాడు.
నాకు లెక్కలొద్దు.
రాత్రంతా చుక్కలు లెక్కపెట్టాను, నిమిషానికి ఇరవై,
పదకొండో బెడ్ మీది ముసలామెకి. పేరు దాలమ్మ.
తెల్లారగట్ల కళ్ళు తెరిచి
"బొట్టె, చోడంబలి ఉందేటి?" అంది.
లేదన్నాను.
ఆ "లేదు" ఇందాకటి నుంచీ నాతోపాటే నడుస్తోంది,
చెప్పులో ఇసుక కాదు, అదీ.
చెప్పాను.
అతను ఫోను జేబులో పెట్టాడు, మళ్ళీ తీయలేదు.

పుచ్చపాదులకి ఇసుకలో గోతులు తీస్తున్న మనిషి
నడుం మీద చెయ్యేసుకుని టైమడిగాడు.
పొన్నాడ వంతెన కనబడే మలుపులో
వెనక్కి తిరిగాం. అంతే మా యాత్ర.

గున్నమ్మ పాక చేరేసరికి పదింపావు.
ఇడ్లీలు అయిపోయి, అన్నం ఇంకా వార్చని వేళ.
"ఏటి నర్సమ్మా, టిఫినా, బోజనమా?"
ప్రతి వారం అదే అడుగుతుంది,
ప్రతి వారం మేం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.
ఊళ్ళో కొత్త ఏసీ హోటలు వాళ్ళు ఈ వేళకి
బ్రంచ్ అని పేరు పెట్టి మూడొందల తొంభై రాశారు బోర్డు మీద.
గున్నమ్మకి బోర్డు లేదు. ఉన్నదేదో ఆకులోకి వస్తుంది:
గిన్నె అడుగు పిండితో వేసిన దిబ్బరొట్టె,
ముక్కులోకి ఎక్కే అల్లంతో బొంబాయి చట్నీ,
మధ్యాహ్నం కోసం వండి, మా కోసం ముందే మూత తీసిన
ఆవ పెట్టిన అరటికాయ.

అతనికిది పొద్దు మొదలు, నాకు రాత్రి చివర.
రొట్టె విరిచి, మాడిన అంచు నా వైపు జరిపాడు,
నాకు ఇష్టమని.
నాకు మెత్తటిదే ఇష్టం.
పెళ్ళైన కొత్తలో మొహమాటానికి ఒకసారి తిన్నాను మాడినది.
ఇరవై రెండేళ్ళుగా చెప్పే వేళ కుదరలేదు.
ఇవాళ కుదిరింది, చెప్పలేదు.
కరకరమంది. బాగానే ఉంది.

"నీ అంబలి మిగిలిందా గున్నమ్మా?"
నీళ్ళసీసా కడిగి, గొంతు దాకా పోసింది.
డబ్బులంటే
"సీసా తెచ్చియ్, సాలు" అంది.

నోటికి ఇవ్వొచ్చని డాక్టరు పొద్దున్నే రాశాడు.
నేను అదింకా చెప్పనేలేదు.
స్కూటర్ ఇంటి వైపు కాక ఆసుపత్రి వైపు తిరిగింది.
అతని వీపుకీ నా పొట్టకీ మధ్య
చల్లటి సీసా జారకుండా పట్టుకుని
ఏడు రోడ్ల దాకా నిద్రపోయాను.