పొదిగిన చెయ్యి

గానుగలో చెరుకు పెడతా పెడతా
మాటలో పడినాను.
మా చిన్నాడబిడ్డ కాపురం మాట.
మాటేదో చెయ్యేదో గానుగకి తెలుసునా,
గెడతో పాటు నా కుడిచేతిని గూడా
చెరుకే అనుకునింది.

ఇరాల నుంచి చిత్తూరు, చిత్తూరు నుంచి తిరపతి.
చెయ్యి తుండుగుడ్డలో,
తుండుగుడ్డ మా ఆయన ఒళ్ళో.
పెద్దాసుపత్రిలో గుడ్డ విప్పినాక
చిన్న డాక్టరమ్మ మొకం తిప్పుకోలేదు.
అప్పుడే నాకి నమ్మకం కుదిరింది.

ఎముకలుండాయి, నరాలుండాయి, వేళ్ళు మూడుండాయి,
పైన కప్పే తోలే లేదంట.
"నీ కడుపు మింద తోలు తీసుకుంటాం దొరసానమ్మా.
తీసుకోడమంటే తెంచుకోడం కాదు,
చేతినే తెచ్చి కడుపుకి కుట్టేస్తాం.
అది చేతిలో వేరు పట్టినాక, కడుపుకాడ కోస్తాం."
ఎన్ని దినాలమ్మా అంటే మూడు వారాలనింది.
కోడి పొదిగినన్ని దినాలు, అనుకున్నా.

పొద్దున ఎనిమిదికి పెద్దసారొస్తాడు,
ఎనకాల పదిమంది పిలకాయలు తెల్లకోట్లలో.
దుప్పటి తీసి నన్ను పాఠం చేస్తాడు.
మొదటి దినం చూసి "ఫ్లాప్ బాగుంది" అన్నాడు.
గుండె జారిపోయింది నాకి.
మా ఊర్లో ఆడని సినిమాని గదా ఆ మాటంటారు!
పక్కమంచం సెల్వి, స్టవ్వు మంటకి గడ్డం ఎదకతుక్కున్న పిల్ల,
నోటితో నవ్వలేక
కండ్లతో నవ్వింది.

"ఏలితో నొక్కి వదలండి.
ఎరుపు ఎన్ని సెకన్లలో తిరిగి రావాల?"
మూలనుండే సన్నపిల్లోడికి నోరు పెగల్లేదు.
పన్నెండు దినాలుగా ఇంటా ఉండాను గదా,
"రెండు నాయనా, రెండు" అని గొణిగినాను.
పెద్దసారు ఇనీ ఇననట్టు పక్కమంచానికి పోయినాడు.

రేత్రిళ్ళు ఒకటే పక్క. కదిలేదానికి లేదు.
కిటికీలో కొండమెట్ల దీపాలు
నల్లటి ఒంటి మింద ఏసిన కుట్ల మాదిరి.
దురద పుడితే చెయ్యో కడుపో తెలీదు.
మా ఆయన అన్నం పెడితే సిగ్గు, జడేస్తే ఇంకా సిగ్గు.
మూడుపాయలు రావు ఆయనకి,
మోకు పేనినట్టు పేనేవాడు.

ఇరవై ఒకటో దినం ఏరు చేసినారు.
కట్టు విప్పితే బన్ను మాదిరి ఉబ్బుంది.
"కడుపు తోలు గదా, నువ్వు లావైతే అదీ లావైతాది,
ఇంకోసారి వస్తే సన్నం చేస్తాం" అని నవ్వింది డాక్టరమ్మ.
నేను ఇనలేదు.
చేతి ఎనకపక్క చూస్తా ఉండా.
తెల్లటి చారలు,
నీళ్ళు పారి ఎండిన ఇసక మింద ఉంటాయే, అట్లాటివి.
నా కొడుకు కడుపులో పెరగతా పెరగతా
సాగదీసిన గీతలు.

చెరుకు గెడ ఇంకా పట్టలేను. చెంబు పడతా.
బస్టాండుకాడ రోడ్డు దాటతా ఉంటే
లారీ హారనుకి బెదిరి పిల్లోడు
ఆ చేతినే పట్టుకున్నాడు.
ఆ తోలుకి ఇంకా స్పర్శ రాలేదు.
పట్టుకున్నాడని
చూసి తెలుసుకున్నా.