రెండు వందల ఎనభై అయిదు

కోర్టు మెట్లు పద్నాలుగు.
ఓథెల్ బాబాయి వాటిని ఎక్కింది చీపురుతోనే,
ముప్పై ఒక్క ఏళ్లు.
మిగతా రోజంతా బొగ్గుల గది పక్క తలుపు.

ఓటర్ల పేర్లు రాసుకునే క్రెన్షా గారి గది
రోజూ రెండుసార్లు ఊడవాలి.
నూనె కలిపిన రంపప్పొట్టు చల్లి
మూలల్నుంచి మధ్యకు.
మూలల్లోనే ఎక్కువసేపు ఉండేవాడు,
వినడానికి.

తెల్లకుర్రాడొకడు వస్తాడు. టోపీ తీయడు.
"ముప్ఫయ్యో సెక్షన్ చదువు నాయనా."
*అప్పు తీర్చలేదని ఎవరినీ జైల్లో పెట్టరాదు.*
"అంటే?"
"అప్పుకి జైలు లేదని."
"శభాష్. ఇక్కడ సంతకం."
(ఆ ఏడు మా నాన్న పత్తి లెక్కలో ఎనభై డాలర్లు బాకీ.
జైలు లేదు నిజమే.
పొలం దాటి పోనిచ్చిందీ లేదు.)

లూవీనియా టీచరమ్మ వస్తుంది,
తెల్లటి చేతి తొడుగులు, పోల్ టాక్స్ రసీదులు రెండు.
ఆమెకి కంపెనీల పన్నుల సెక్షన్,
ఊపిరి తిప్పుకోనివ్వని వాక్యం.
చదువుతుంది. విడమరిచి చెబుతుంది.
క్రెన్షా గారు కిటికీలోంచి చూస్తారు
సరైన జవాబు అటుగా నడిచి పోతున్నట్టు.
"చాలదు. మళ్లీ రా."
గురువారం పేపర్లో ఆమె పేరు పడుతుంది.
సోమవారం ఆమె తరగతిలో ఇంకెవరో ఉంటారు.
అయినా ఆరుసార్లు వచ్చింది.

బాబాయికి అక్షరం ముక్క రాదు.
చెవి మాత్రం ఏకసంథాగ్రాహి.
ఎవరినీ అడగని సెక్షన్లు కూడా వదల్లేదు,
చెత్తబుట్టలో దొరికిన అట్టలేని పుస్తకం తెచ్చి
నాచేత చదివించుకున్నాడు.
అప్పుడు నాకు తొమ్మిదేళ్లు,
పేజీకి మూడు పెకాన్ కాయలు కూలి.
రెండు వందల ఎనభై అయిదూ పొల్లు పోకుండా
కోళ్లగూడు దగ్గర కూర్చుని అప్పజెప్పేవాడు.
మిసిసిపీ రాజ్యాంగం
మా కోళ్లకి తెలిసినంత మా షెరీఫ్‌కి తెలీదు.

ఒక్క అక్షరం మాత్రం తనే నేర్చుకున్నాడు,
తన పేరులో మొదటిది, గుండ్రంది.
క్రెన్షా గారు భోజనానికి వెళ్లినప్పుడు
రంపప్పొట్టులో చీపురుతో రాసి
ఆయన వచ్చేలోగా ఊడ్చేసేవాడు.

అరవై అయిదు, ఆగస్టు.
పోస్టాఫీసు కింది గదిలో
వాషింగ్టన్ మనిషి బల్ల వేసుకున్నాడని కబురు.
వరస గింజల కొట్టు దాకా ఉంది.
బాబాయి మా నాన్న కోటు తొడుక్కున్నాడు, చేతులు పొట్టి.
నిలబడ్డంతసేపూ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"పేరు?"
"ఓథెల్ మేబెర్రీ."
"వయసు?"
"యాభై ఎనిమిదో, తొమ్మిదో."
"ఎన్నాళ్లుగా ఉంటున్నారు?"
"ఎప్పట్నుంచీ."
"సంతకమో, గుర్తో పెట్టండి. అయిపోయిందండీ."

ఆ *అండీ*కి బాబాయి వెనక్కి తిరిగి చూశాడు,
వెనకెవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని.
తర్వాత అడిగాడు: "ప్రశ్న?"
"ప్రశ్నలేం లేవండీ."

ముప్పై ఒక్క ఏళ్ల చదువు
గొంతులో అడ్డం పడ్డట్టుంది.
కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు,
టీచరమ్మ సెక్షనే,
కామాల దగ్గర ఆమె ఆగినట్టే ఆగుతూ.
వెనక ఎవరో విసుక్కున్నారు, ఎండ మరి.
"చెప్పనీండర్రా" అందొక ముసలమ్మ.

కుర్రాడు కలం కింద పెట్టాడు. ఏం చెయ్యాలో తోచక
"అంటే ఏమిటండీ?" అన్నాడు.

బాబాయి కళ్లు తెరిచాడు.
"దానర్థం ఆరుసార్లు చెప్పిందయ్యా ఆవిడ.
ఏదీ, సంతకం ఎక్కడ?"

ఆ గుండ్రటి అక్షరం గీత దాటి పోయింది.
చీపురు చెయ్యి కదా.
తర్వాతి అక్షరాలు నేను నేర్పినవే, వంకరగా.

మర్నాడు పక్క తలుపునుంచే పనిలోకి వెళ్లాడు.
క్రెన్షా గారు తలెత్తలేదు.
రంపప్పొట్టు చల్లి, మూలల్నుంచి మధ్యకు.
ఆ రోజు గది తొందరగా అయిపోయిందట,
మూలల్లో ఆగాల్సిన పని లేక.