పై గోదాము

మిర్యాలగూడ, బైపాసు అవతలి రైస్‌మిల్లు.
తొంభై నాలుగు, యాసంగి వడ్లు దిగుతున్న నెల.
ఊక దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పే
త్రీ ఎయిటీ సిక్స్ ముందు నేను,
నెలకు తొమ్మిదొందల ఆపరేటర్ను.

తెర మీద ఒకటే మాట:
మెమరీ చాలదు.

"నాలుగు ఎంబీ పెట్టిచ్చిన, చాలదెట్ల?"
పురుషోత్తం సేటు.
ఆ పైసలతో ఇంకో కాంటా వచ్చేదంటడు.
"పాత హమాలీల ఖాతాలు తీసెయ్, జాగ దొరుకుతది."
అది వేరే, ఇది వేరే సేటూ.
అది డిస్కు, చిట్టా పుస్తకం.
ఇది ఆ పుస్తకం తెరిచి పెట్టుకునే బల్ల.
ఆయనకు అర్థం కాలేదు.
నాకూ మొన్నటిదాకా కాలేదు.

ఆరువందల నలభై కే. అంతే.
వెనక ఎంత మైదానమున్నా
డాసు పుట్టిననాడు కట్టిన ముందుగది అదే.
మౌసు వచ్చి కూర్చున్నది,
తెలుగు అక్షరాల డ్రైవరు కాళ్లు బారజాపింది,
డాసు తానే గడప దగ్గర మంచం వేసుకున్నది.
లెక్కల ప్రోగ్రాము వాకిట్లో నిలబడి
తొంగిచూసి తిరిగిపోతున్నది.

టీ తెచ్చిన జానయ్య,
ఇరవై ఏండ్ల హమాలీ, ఎడమ భుజం దిగిపోయినవాడు,
బాయిలోకి చూసినట్టు తెరలోకి చూసిండు.
"ఏమైందమ్మా?"
చెప్పిన. నవ్విండు.
"గంతేనా. రోజు ముట్టనియి పై గోదాముకెక్కియ్యి,
తలుపు కాడ ఖాళీ ఉంచు.
ముందుగాల నిచ్చెనైతే వెయ్యాలె గదా."

నిచ్చెన!
నల్గొండల ఖలీల్ సార్ రాసిచ్చిన కాగితం
మడతలు విప్పి మళ్లీ చూసిన.
నా ఫైల్లో ఈఎంఎం మొదటి వరుస,
హైమెమ్ మూడోది.
నిచ్చెన లేకుండనే బస్తాలెక్కిస్తున్న, వారం నుంచి.

హైమెమ్ పైకి. దాని కింద ఈఎంఎం.
డాస్ ఈక్వల్స్ హై, కామా, యూఎంబీ.
ఒకసారి బిగుసుకుపోయింది, ఫ్లాపీ పెట్టి లేపిన.
రెండోసారి తెలుగు డ్రైవరు పైన పట్టలేదు.
మౌసు కంటే ముందు ఎక్కిస్తే పట్టింది.
పెద్ద బస్తా ముందు. అదీ జానయ్యకు తెలిసే ఉంటది,
నేనడగలేదు.
ఆరువందల పదకొండు కే ఖాళీ.

ప్రోగ్రాము తెరుచుకున్నది.
జానయ్య, అడ్వాన్సు బాకీ, మూడొందల నలభై.
తెర మీద తెలుగులో తన పేరు.
గ్లాసులు పట్టుకొని చాలాసేపు నిలబడ్డడు.
"రెండొందలు పోయిన దసరాకే కట్టిన,"
అన్నడు, మిల్లు చప్పుడులో సగం మునిగిన గొంతుతో.

కరెంటు పోయింది.
బెల్టులు నెమ్మదించి, ఊక గాలిలోనే ఆగినట్టయింది.
"పైకెక్కిచ్చినయన్నీ?"
పోయినయ్. మళ్లీ కరెంటొస్తే వాటంతటవే ఎక్కుతయ్.
"ఎవరెక్కిస్తరు?"
రాసిపెట్టిన గదా, వరుసగా.

"రాసిపెడితే మంచిది," అన్నడు చీకట్లో.
"నా రెండొందలు గూడ రాయమ్మా."