టోపీ తువ్వాలు

కుడిచేతికి పుత్తూరు కట్టుతో
మునికుమారి మంచమ్మీద కూర్చుని చెప్తా ఉంది.
మిషను ముందర నేను.
పాలవ్యాను స్టీరింగు తిప్పే చేతులు,
సూదిలోకి దారం ఎక్కించడానికే అరగంట.

నగరి మగ్గాల తువ్వాళ్లు రెండు.
ఒకటి అట్నే ఉంచి
రెండోదాంట్లో ఒక మూల కోసినాను.
"అంచు మడువు.
పోగులు బిడ్డ చెవులకు గుచ్చుకుంటాయి."
మడిచినాను.
"నిదానంగా తొక్కయ్యా,
అది చంద్రగిరి రోడ్డు కాదు."

వానకు చెదిరిన చీమలబారు మాదిరి
పోయింది కుట్టు.
ఎత్తి చూస్తే
టోపీ తిరగామరగా, కుట్లన్నీ పైకే.
కట్టు చెయ్యి పొట్టకు అదుముకుని
నొప్పి పుట్టేదాకా నవ్విందామె.

బ్లేడు తీసుకుని విప్పబోతా ఉంటే
ఒళ్లంతా నీళ్లు కార్చుకుంటా
మోక్షిత వచ్చి దూరింది దాంట్లోకి.
కొండమీద గుండు చేయించి
ఇంకా పది దినాలే.
నున్నటి తలకు లోపలంతా మెత్తన,
నా వంకర కుట్లు బయటి గాలికి.

తల అటూ ఇటూ రుద్దుకుని
అట్నే నిలబడింది బిడ్డ.

"విప్పొద్దులే," అనింది మునికుమారి.

తెల్లారుజామున
క్యాన్లు ఎక్కిస్తా ఉంటే
చూపుడువేలు చురుక్కుమంది.