తొమ్మిదో రోజు

జూలై నెల. కోతకొచ్చిన గోధుమ కొండల మధ్య
రోడ్డు పెనంలా కాలుతోంది.
ఆర్విడ్ టెస్డాల్ బండిని మొదటిసారి ఆపాను.
ముప్పైరెండు నాటి ఫోర్డు కూపే,
పైకప్పు నాలుగంగుళాలు కోసి కిందికి దించింది.
బానెట్ లేదు. మడ్‌గార్డులు అసలే లేవు.
నాలుగు చక్రాలూ
చొక్కా చేతులు పైకి మడిచిన కోతగాళ్ళలా
బాహాటంగా.

"చక్రం వెడల్పంతా కప్పి ఉండాలి" అన్నాను.
వెనకొచ్చేవాళ్ళ మీద నీళ్ళూ రాళ్ళూ చిమ్మకూడదని
పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.
ఆయన తల బయటపెట్టి ఆకాశం కేసి చూశాడు,
ఆ చివర నుంచి ఈ చివర దాకా, తీరిగ్గా.
"అక్టోబరు దాకా చుక్క పడదు.
ఏ నీళ్ళమ్మాయ్?"

రాసేశాను.
పది రోజుల్లో సరిచేసి చూపిస్తే జరిమానా ఉండదు.

తొమ్మిదో రోజు పొద్దున్నే స్టేషన్ ముందు అదే బండి,
పెళ్ళికి అరువు కోటు తొడుక్కున్నవాడిలా
నల్ల మడ్‌గార్డుల్లో ఇబ్బందిగా.
ఒక్కోదానికి నాలుగు బోల్టులు. వంగి లెక్కపెట్టాను.
సంతకం పెట్టాను.
పది నిమిషాలైందో లేదో
దాణా కొట్టు వెనక నుంచి రెంచి చప్పుడు,
ఎవరో నా సంతకాన్ని
చుట్టు తర్వాత చుట్టు వెనక్కి తిప్పుతున్నట్టు.

మరుసటి ఏడు మళ్ళీ. ఆ పై ఏడూ.
మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు అవి
కొట్టంలో గోడకి,
చనిపోయిన తమ్ముడి టోపీ పక్కన వేలాడేవట.
బండి కట్టింది ఇద్దరూ కలిసి.
"బురదలో రాయి వెయ్యకు, మొహాన్నే చిందుతుంది"
అని మా షెరీఫ్ నవ్వేవాడు.
నేను నవ్వలేదు.
నిజం చెప్పాలంటే ఆ బండి నాకూ ఇష్టమే.
చక్రం నేలను ఎక్కడ పట్టుకుంటోందో ఎక్కడ వదిలేస్తోందో
కంటికి కనబడే బండి
ఈ జిల్లా మొత్తానికి అదొక్కటే.
ఇష్టం వేరు, పెన్ను వేరు
అని నాకు నేనే చెప్పుకునేదాన్ని,
గట్టిగా, కార్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు.

ఐదో ఏడు.
వంతెన దగ్గర కొత్తగా కంకర పోశారు.
ఆయన ముందు, నేను వెనక.
సైరన్ వెయ్యలేదు. ఊరికే వెళ్తున్నాను.
వేరుశనగ గింజంత రాయి.
అద్దం మీద టప్‌మని
నా కంటికి సరిగ్గా ఎదురుగా ఒక నక్షత్రం.

నేను ఆపమనలేదు. తనే ఆపాడు.
కంకరలో నడుచుకుంటూ వచ్చి పగులు మీద వేలు పెట్టాడు.
ముందు పగులును చూశాడు.
తర్వాత అద్దం ఇవతల నా కన్ను చూశాడు.
రెంటికీ మధ్య ఎంత దూరమో కొలుస్తున్నట్టు
చాలాసేపు నిలబడ్డాడు.
"పెన్ను తియ్యి" అన్నాడు.

తొమ్మిదో రోజు వచ్చాడు.
మడ్‌గార్డులు చక్రాల మీద లేవు,
పక్క సీట్లో ఉన్నాయి, దుప్పట్లో చుట్టి.
చేతులు చూపించాడు.
వణుకు.
నట్టు బోల్టు మీద కూర్చోవడం లేదట,
తెల్లవారుజాము నుంచీ ప్రయత్నిస్తున్నాడట.

టోపీ తీసి ఆయన బండి కప్పు మీద పెట్టాను.
మోకాళ్ళ మీద కూర్చున్నాను.
పదహారు బోల్టులు.
పదకొండోది మొరాయించింది,
ఆయన నోటితో చెప్తూ ఉంటే నా చెయ్యి తిరిగింది.
కాగితం మీద "సరిచేయబడింది" అని రాశాను.
సరిచేసిందెవరో రాయడానికి
ఆ ఫారంలో గడి లేదు.

బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.
బాగుందనలేదు. బాగాలేదని కూడా అనలేదు.
"వీటిని విప్పేదెవరు మరి?"

రెంచి ఇంకా నా చేతిలోనే ఉంది, వెచ్చగా.
నేను తలెత్తి ఆకాశం కేసి చూశాను,
ఆ చివర నుంచి ఈ చివర దాకా.